ఊ కొట్టే ఇల్లు

(కాళోజీ జయంతి నాడు హనుమకొండలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



కవి కాళోజీ యాదిలో మాట్లాడడానికి పిల్లల డాక్టరును పిలిచారేమిటని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. నాకూ అనిపించింది. కవిత్వం గురించి చెప్పగలవాళ్ళు ఈ ఊళ్ళో వాడకొకరున్నారు. నేను ముప్పై ఏళ్ళుగా చేసిందల్లా పసిపిల్లల గుండె చప్పుడు వినడం, వాళ్ళ తల్లుల మాట వినడం. కానీ ఆలోచిస్తే ఆయనకూ మాకూ చుట్టరికం ఉంది. 2002 నవంబరు 13న ఆయన కన్నుమూశాక ఆ దేహం మన కాకతీయ వైద్య కళాశాలకే చేరింది. ఇప్పుడు వరంగల్లులోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరే ఉంది. కొత్తగా డాక్టర్లయ్యే మన పిల్లల పట్టాల మీద కాళోజీ ఉన్నాడు.

ఇంకో చుట్టరికం ఇంతకన్నా దగ్గరిది. ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇంట్లో పలికే మాటకు బయట తలవంచుకోవద్దని బతుకంతా కొట్లాడిన మనిషి ఆయన. ఆ కొట్లాట బడిలో, సభలో, పత్రికలో జరిగింది. ఆ మాట పుట్టే చోటు మాత్రం బడి కన్నా, సభ కన్నా ముందుది. అది తొట్టెల. ఇవాళ మిమ్మల్ని అక్కడికి తీసుకుపోతాను.

నా మాటంతా ఒక్క అక్షరం మీద: ఊ. కథ చెప్తుంటే వినేవాళ్ళు ఊ కొట్టాలని మన ఇళ్ళల్లో నియమం. ఊ ఆగిందంటే వినేవాడు నిద్రపోయినట్టు, కథ కూడా అక్కడికే ఆగినట్టు. పసిబిడ్డ దగ్గర ఈ నియమం తిరగబడుతుంది. చెప్పేది బిడ్డ, ఊ కొట్టాల్సింది మనం. మొదటి రెండేళ్ళలో తల్లిదండ్రులు బిడ్డతో ఆడే ఆటలన్నిటినీ వడగడితే మిగిలేది ఈ ఊ ఒక్కటే.

కొత్తవాడలో అర నిమిషం

చాలా ఏళ్ళ కిందట కొత్తవాడలో ఒక ఇంటికి వెళ్ళాను. జంపఖానాలు నేసే ఇల్లు. పెద్ద పిల్లవాడికి జ్వరమని పిలిచారు. భర్త మగ్గం మీద ఉన్నాడు. భార్య చరఖా ముందు కూర్చుని కండెలు చుట్టుతోంది. దూలానికి చీరతో కట్టిన తొట్టెలలో మూడు నెలల ఆడపిల్ల. తొట్టెల తాడు తల్లి కాలి బొటనవేలికి ఉంది. చేతులు నూలుకు, కాలు బిడ్డకు.

పోగు తెగింది, చరఖా ఆగింది. ఆ నిశ్శబ్దంలో తొట్టెలలోంచి "ఉంగా" అని వినిపించింది. తల్లి పోగు ముడివేస్తూ, తల ఎత్తకుండానే, "ఊ... అట్లనా? ఇంకేమన్నదే మీ నాయినమ్మ?" అని ఆగింది. లోపలి నుంచి మళ్ళీ "ఊంగ్". "అబ్బో, గంత మాటన్నదా!" అని మళ్ళీ ఆగింది. ఇంకో ఉంగా. ఈలోగా పోగు అతికింది, చరఖా కదిలింది, ముచ్చట ముగిసింది. అంతా కలిపి అర నిమిషం.

ఆ తల్లి రెండుసార్లు ఆగింది చూడండి, అసలు సంగతి అక్కడుంది. బిడ్డకూ ఒక వంతు ఉందని, ఆ వంతు వచ్చేదాకా తాను నోరు మూసుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తాను బిడ్డను ఆడిస్తున్నానని కూడా ఆమె అనుకుని ఉండదు. ఆ వేళ నేను పిల్లవాడికి మందు రాసిచ్చి వచ్చాను. నేను చదివిన పుస్తకాల్లో ఎంతో పొడుగ్గా చెప్పిన విషయాన్ని ఆ ఇంట్లో అర నిమిషంలో చూసి వచ్చాను.

ఈ ముచ్చటకు బిడ్డ పుట్టకముందే సిద్ధమై ఉంటుంది. కడుపులో ఉండగానే తల్లి గొంతు వింటుంది. 1980లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు మూడు రోజులైనా నిండని పసికందుల నోట్లో పాలపీక పెట్టారు. చప్పరించే తీరును బట్టి ఒకసారి తల్లి గొంతు, ఒకసారి పరాయి ఆడమనిషి గొంతు వినిపించేటట్టు అమర్చారు. పిల్లలు తల్లి గొంతు వచ్చేటట్టుగా చప్పరించడం నేర్చుకున్నారు. చూపు కూడా అంతే. అప్పుడే పుట్టిన బిడ్డకు బాగా ఆనేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం. ఒళ్ళో పాలు తాగే బిడ్డకూ తల్లి ముఖానికీ నడుమ ఉండేది ఆ జానెడు దూరమే. నిద్రలో బిడ్డ పెదవి విచ్చితే దేవుడు నవ్విస్తున్నాడంటారు మనవాళ్ళు. ఆరు, ఎనిమిది వారాలు వచ్చేసరికి మాత్రం ఆ నవ్వు మనిషి ముఖం చూసి వస్తుంది. అప్పటి నుంచి ఆట మొదలు.

బచ్చాల లెక్క

పిల్లల ఎదుగుదలకు డాక్టర్ల దగ్గర చార్టులున్నాయి. 1991లో కేరళలో తయారైన తిరువనంతపురం చార్టు అందులో ఒకటి. రెండేళ్ళలోపు పిల్లలు ఏ నెలలో ఏం చేయాలో 17 అంశాల్లో చూపుతుంది. మంచి చార్టు. కానీ దాన్ని ముందు పెట్టి "మీ పాప బోర్లా ఎప్పుడు పడిందమ్మా?" అంటే తల్లులు బిత్తరపోయేవారు. ఒకరోజు మా నర్సమ్మ అందుకుని, "బచ్చాలు ఎన్నడు చేసిన్రు?" అని అడిగింది. తల్లి వెంటనే, "ఉగాది తెల్లారి" అన్నది. అంతటితో నాకు బుద్ధి వచ్చింది.

మన ఇళ్ళల్లో ఒక తీపి చార్టు ఉంది. నవ్వితే నువ్వుండలు, బోర్లపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. బొబ్బట్లను మనవైపు బచ్చాలన్నా ప్రాస చెడలేదు. ఇది ముద్దు కోసం కట్టిన వరుసే. అయినా దాని వెనక పెద్ద తెలివి ఉంది. బచ్చాలు చేయాలంటే బిడ్డ ఎప్పుడు బోర్లపడుతుందా అని ఇల్లంతా కనిపెట్టుకుని ఉండాలి. తాతకు కుడుములు కావాలంటే మనవరాలి నడుము నిలబడిందో లేదో ఆయనే చూడాలి. ఎదుగుదలను చూసే పనిని ఇంటిల్లిపాదికీ పంచిన పద్ధతి ఇది.

ఈ చార్టులో ఇంకో మంచి గుణం ఉంది: వరుస ఉంది గానీ నెలలు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, నార్వే, ఒమన్, అమెరికాలతో పాటు మన ఢిల్లీ పిల్లలను కూడా కలిపి 816 మందిని గమనించి 2006లో లెక్కలు వేసింది. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలలకూ రావచ్చు, 9.2 నెలలకూ రావచ్చు. సొంతంగా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల దాకా ఎప్పుడైనా రావచ్చు. నూటికి నలుగురు చేతులూ మోకాళ్ళ మీద పాకనే పాకలేదు, నేరుగా లేచి నడిచారు. కాబట్టి పక్కింటి పిల్లవాడు తొమ్మిదో నెలలో నడిచాడని మీ పదమూడు నెలల పిల్లను వాకర్‌లో కుదేయకండి. నడక తొందరగా రాకపోగా, మెట్ల మీద నుంచి దొర్లిన పిల్లలకు మేం కుట్లు వేయాల్సి వస్తుంది. ఆమె పాయసం ఎగ్గొట్టి అరిసెలకు పోతుందేమో, కాస్త ఓపిక పట్టండి.

తాత, టాటా

ఇప్పుడు కాళోజీకి బాగా నచ్చి ఉండేదని నేననుకునే ఒక ప్రయోగం చెప్తాను. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు, ఇంగ్లీషు తప్ప వేరే భాష వినని ఇళ్ళల్లోని పిల్లలకు హిందీలోని 'త'నూ 'ట'నూ వినిపించారు. ఇంగ్లీషులో ఆ తేడా లేదు. ధ్వని మారినప్పుడు బిడ్డ తల తిప్పితే పక్కనున్న పెట్టెలో దీపం వెలిగి బొమ్మ కనబడుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చాలామంది ఆ తేడా పట్టుకుని తల తిప్పారు. పది, పన్నెండు నెలల పిల్లల్లో చాలామంది తిప్పలేదు. ఇంట్లో వినబడని ధ్వనికి చెవి నాలుగైదు నెలల్లోనే తలుపు దగ్గరగా వేసింది.

మన ఇంటి బిడ్డకు ఆ తలుపు ఎందుకు తెరిచి ఉంటుంది? పొద్దున బాపు బండెక్కుతుంటే నాయినమ్మ ఆ చిన్న చెయ్యి పట్టుకుని ఊపిస్తూ "టాటా" అంటుంది. అరగంటకు తాత లోపలికి వస్తే "తాతొచ్చిండు, తాత" అంటుంది. ఒకటి పోయేవాళ్ళకు, ఒకటి వచ్చేవాళ్ళకు. రోజూ జరిగే ఈ రెండు ముచ్చట్లు చాలు. బువ్వ, లాల, బజ్జో, జేజ, బూచి లాంటి మాటలూ ఇలాంటివే. చదువుకున్నవాళ్ళు కొందరు ఈ ముద్దుమాటలు మాట్లాడితే పిల్లలకు సరైన భాష రాదని భయపడతారు. భయం అక్కర్లేదు. అవి ఆ నోటి కొలతకు కుట్టిన మాటలు. పొట్టయిన చొక్కాలను వదిలినట్టే పిల్లలు వాటినీ వదిలేసి ముందుకు పోతారు.

నాకు దిగులు వేరే ఉంది. ఈ పదేళ్ళలో ఓపీకి వస్తున్న అమ్మానాన్నలు పది నెలల పిల్లతో "బేబీ, సీ, డాగీ" అంటున్నారు. మనది మోటు మాటని, అది చెవిన పడితే రేపు బడిలో వెనకబడుతుందని వాళ్ళ అనుమానం. ఇంగ్లీషు మీద నాకు కోపం లేదు. కాళోజీ కర్ణాటకలోని రట్టిహళ్ళిలో పుట్టి మన మడికొండలో పెరిగాడు. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ, హిందీ, ఇంగ్లీషు తెలిసినవాడు. పసిబిడ్డ చెవికి రెండు మూడు భాషలు బరువు కావు. చిక్కు ఎక్కడంటే, తనకు పూర్తిగా రాని భాషలో తల్లి ఆడలేదు. మాట సాగదీయలేదు, ఎకసెక్కం చేయలేదు, కోపం నటించలేదు, కొత్త పేరు పెట్టలేదు. డాగీ అన్నాక ఇంకేమనాలో తోచక ఊరుకుంటుంది. అదే "గా కుక్క జూడు, తోకెట్ల ఊపుతున్నదో, నీ బువ్వ అడుగుతున్నదే" అంటే ముచ్చట ఊరి పొలిమేర దాటుతుంది. యాసకు సిగ్గుపడిన ఇంట్లో ముందు మూగబోయేది పెద్దవాళ్ళు. వాళ్ళ వెనక పిల్లలు.

కొంగు చాటు, చెంచా చప్పుడు

అన్ని ఆటల్లోకీ దోబూచి గొప్పది. తల్లి కొంగు ముఖానికి అడ్డం వేసుకుంటుంది. "అమ్మ ఏదీ? అమ్మ ఏడ పోయింది?" ఒక్క క్షణం. కొంగు జారుతుంది, "బూ!" బిడ్డ కిలకిలమంటుంది. జెరోమ్ బ్రూనర్ అనే మనస్తత్వవేత్త 1976లో ఈ ఆట మీదే ఒక పరిశోధన పత్రం రాశాడు. ఇందులో మాటకు కావలసిన నియమాలన్నీ ఉన్నాయి: ఒక మొదలు, ఒక ఎదురుచూపు, ఒక ముగింపు, మళ్ళీ వంతు. నాలుగైదు నెలలప్పుడు బిడ్డ చూస్తుందంతే. ఎనిమిదో నెల దాటాక కొంగు వెనక అమ్మ ఉన్నదని తెలిసి, ఎప్పుడొస్తుందా అని చూస్తుంది. ఏడాది దగ్గరికి వచ్చేసరికి కొంగు తానే లాగి తన ముఖం మీద వేసుకుంటుంది. ఆ రోజు ఆట బిడ్డ చేతికి వచ్చినట్టు. కనబడనిది లేనట్టు కాదని నేర్పే పాఠం ఇది. పొద్దున పనికి పోయిన అమ్మ సాయంత్రం వస్తుందనే ధైర్యం బిడ్డకు ఈ కొంగు చాటునే మొదలవుతుంది.

ఒకసారి ఒక తండ్రి తొమ్మిది నెలల కొడుకును తెచ్చి, "మేడం, బుద్ధి పెరగడానికి ఏ బొమ్మ కొనాలె?" అని అడిగాడు. ఆన్‌లైన్‌లో రెండు వేల బొమ్మ చూసి పెట్టుకున్నాడు. నేను నా టీ గ్లాసు కడిగించి, ఒక స్టీలు చెంచా తెప్పించి పిల్లవాడి ముందు పెట్టాను. వాడు చెంచా తీసి బల్ల మీద కొట్టాడు. గ్లాసు మీద కొట్టాడు. చప్పుడు మారింది. కనుబొమలు లేచాయి. తర్వాత చెంచా కింద పడేసి తండ్రి ముఖంలోకి చూశాడు. ఆయన తీసిచ్చాడు. వాడు మళ్ళీ పడేశాడు, మళ్ళీ చూశాడు. ఏడోసారికి తండ్రి, "ఏందిరా, నన్ను పనోణ్ణి చేసినవ్" అని పక్కున నవ్వాడు. వాడూ నవ్వాడు. "ఇగో, మీ బొమ్మ ఇదే. రెండు వేలు దాచుకోండి" అన్నాను. చెంచా పడితే చప్పుడవుతుంది, నేను చూస్తే నాన్న వంగుతాడు. ఆ పూట వాడు ఈ రెండు సూత్రాలు కనిపెట్టాడు. రెండోది పెద్దది. మింగుడుపడే చిన్న వస్తువులు, మొనదేలినవి అందకుండా చూస్తే చాలు, వంటిల్లే బొమ్మల కొట్టు.

ఇక స్నానం. నాయినమ్మ కాళ్ళు చాపి, పీట మీద కూర్చుని, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుంటుంది. నూనె రాస్తూ వీపు, బొజ్జ, బొటనవేలు ఒక్కొక్కటీ పేరు పెట్టి పిలుస్తుంది. "ఇది ఎవరి బొజ్జ? తాత బొజ్జనా?" పసిపిల్లలు మెలకువగా ఉన్నప్పుడు రోజుకు కనీసం 30 నిమిషాలు బోర్లా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మెడ, భుజాలు గట్టిపడతాయి. ఆ 30 నిమిషాల్లో సగం నాయినమ్మ కాళ్ళ మీదే అయిపోయేది. అయితే నాయినమ్మలకు ఒక మొక్కు మొక్కుతాను. ముక్కులో, చెవిలో నూనె పోయకండి. పసికందు రొమ్ములు పిండకండి, చీము పడుతుంది. మూసిన గదిలో సాంబ్రాణి పొగ పెట్టకండి. మీ చేతి మర్దనకూ మీ నోటి మాటకూ ఉన్న బలం ఆ పొగలో లేదు.

ఊ ఆగినప్పుడు

1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఒక చిన్న పరీక్ష చేశాడు. తల్లి బిడ్డతో కాసేపు మామూలుగా ఆడుతుంది. తర్వాత కొన్ని నిమిషాల పాటు ముఖంలో ఏ కదలికా లేకుండా చూస్తూ కూర్చుంటుంది. బిడ్డ ముందు నవ్వి పిలుస్తుంది, చేతులు చాపుతుంది, అరుస్తుంది. ఏదీ పని చేయకపోతే ముఖం పక్కకు తిప్పుకుని కుంగిపోతుంది.

ఈ పరీక్ష ఇప్పుడు మన ఇళ్ళల్లో రోజూ జరుగుతోంది. పాలిస్తూ ఫోను చూసే తల్లి ముఖం, ఒళ్ళో బిడ్డను పెట్టుకుని రీల్స్ జరిపే తండ్రి ముఖం ఎలా ఉంటాయో ఒకసారి అద్దంలో చూడండి. తల్లులను తిట్టడానికి చెప్పడం లేదు. కాన్పు తర్వాత నెలల తరబడి మనసు మొద్దుబారి, బిడ్డను చూసినా ఏమీ అనిపించని తల్లులున్నారు. అది జబ్బు. దానికి చికిత్స ఉంది. "బాలెంతకు పొగరు" అనే మాట ఆ ఇంట్లో వినబడకూడదు.

ఫోను బిడ్డ చేతికే ఇస్తే? ఏడాదిలోపు పిల్లలకు తెర వద్దే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. రెండేళ్ళలోపు వద్దని మన దేశపు పిల్లల వైద్యుల సంఘం అంటూ ఒక్క మినహాయింపు ఇచ్చింది: అయినవాళ్ళతో వీడియో కాల్. ఎందుకో మనకు బాగా తెలుసు. ఈ ఊళ్ళో సగం నాయినమ్మల మనవలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు. కొంగు ముఖం మీద వేసుకుని తెరలో నుంచే "బూ" అంటున్నారు. ఆ తెర వెనక ఒక మనిషి ఉంది, బిడ్డ అరిస్తే ఊ కొడుతుంది. కార్టూన్ బొమ్మ ఎంత పాడినా బిడ్డ వంతు కోసం ఆగదు.

తీరిక ఎక్కడిదమ్మా అంటారు. కొత్తవాడ తల్లికీ తీరిక లేదు. జమైకాలో 1980లలో శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలి బృందం, ఎదుగుదల కుంటుపడిన 129 మంది పేద పిల్లలను తీసుకుంది. కొందరి ఇళ్ళకు వారానికి ఒక గంట, రెండేళ్ళ పాటు ఒక ఆరోగ్య కార్యకర్త వెళ్ళి, ఇంట్లో పారేసే వస్తువులతోనే బిడ్డతో ఎలా ఆడాలో తల్లికి చూపించింది. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన, అలాంటి ఆటలు అందని పిల్లలకన్నా నాలుగో వంతు ఎక్కువగా ఉంది. మన దగ్గరా మనుషులున్నారు. 2018 నుంచి ఆశా కార్యకర్తలు మూడో నెల, ఆరో నెల, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలకు ఇంటికి రావాలని కార్యక్రమం ఉంది. అంగన్‌వాడీ నుంచి బాలామృతం పొట్లం వస్తుంది. ఆ పిండి కలిపి తినిపించే పది నిమిషాలు ముచ్చట పెడితే పొట్లం విలువ రెట్టింపు. మగవాళ్ళు తమకు ఇవేవీ రావనుకోకండి. ఉప్పుమూట మోయడానికి, గుర్రమై వంగడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు.

మూడు నెలలు దాటినా ముఖం చూసి నవ్వకపోతే, చప్పుడుకు ఉలిక్కిపడకపోతే, తొమ్మిది పది నెలలకూ కూర్చోలేకపోతే, ఏడాదికి పేరు పిలిచినా చూడకపోతే, పద్దెనిమిది నెలలకూ నడవకపోతే, వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఆగకండి. "వాళ్ళ నాయిన గూడ లేటుగనే మాట్లాడిండు" అని ఏడాది పోగొట్టుకున్న ఇళ్ళు నాకు తెలుసు. 2013లో మొదలైన బాల స్వాస్థ్య బృందాలు అంగన్‌వాడీకే వస్తాయి, చూపించండి. అలాంటి బిడ్డకు ఆట ఇంకా ఎక్కువ కావాలి. ఆమె వంతు రావడానికి కొంచెం ఎక్కువసేపు ఆగాలి, అంతే.

ఇంకొన్నాళ్ళలో బతుకమ్మ వస్తుంది. పద్మాక్షి గుట్ట కింద వేల చేతులు చప్పట్లు కొడతాయి. తల్లుల చంకలో ఉన్న పిల్లలు ఆ చప్పట్ల ఊపుకు ఊగుతారు. పాటలో చరణం చరణానికీ తిరిగి వచ్చే మాటేమిటో గుర్తు చేసుకోండి. ఉయ్యాలో. ఇంకో పాటలో చందమామ. మన పెద్ద పండుగ పాటకు ఊ కొట్టే మాటలు రెండూ తొట్టెల దగ్గరి నుంచి వచ్చినవే.

ముగిస్తాను. ఇందాకటి నుంచి వెనక వరుసలో ఒక చిన్నది గొంతెత్తుతోంది. తల్లి మొహమాటపడి రెండుసార్లు లేచి బయటికి పోయింది, ఇప్పుడు మళ్ళీ పోతోంది. అమ్మా, నువ్వు లోపలికి రా. ఇంతసేపూ ఇందరు పెద్దలు మర్యాదగా, నిశ్శబ్దంగా కూర్చున్నారు. నాకు ఊ కొట్టింది నీ బిడ్డ ఒక్కతే.